ఇంజన్ శీతలీకరణ వ్యవస్థ: పునర్నిర్మించిన స్పోర్ట్స్ కారు ఒక చారిత్రక ఆధారం

1. పరిచయం

శాసనాలు, నాణేలు, దస్తావేజులు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. యంత్రం కూడా అలాంటి ఆధారమే. అయితే ఒక తేడా ఉంది. శాసనాన్ని కదపకుండా ఉంచితే చాలు, అది నిలుస్తుంది. యంత్రాన్ని నడపకుండా ఉంచితే లోపలి నుంచే పాడవుతుంది, నడిపితే అరుగుతుంది. మరి దాన్ని కాపాడడం ఎలా? ఈ ప్రశ్నను 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారు శీతలీకరణ వ్యవస్థ ఆధారంగా ఇక్కడ పరిశీలిద్దాం.

2. నీటి తొట్టి నుంచి తేనెపట్టు రేడియేటర్ వరకు

ఇంజన్‌లో ఇంధనం మండినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడో వంతు సిలిండర్ గోడలకు చేరుతుంది. దాన్ని బయటికి పంపకపోతే లోహం వ్యాకోచించి ఇంజన్ పట్టేస్తుంది. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు ఆవిరవుతూ ఇంజన్‌ను చల్లబరిచేవి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వరకు, వంద కిలోమీటర్లకు పైగా, ఇద్దరు కుమారులతో ప్రయాణించారు. దారి పొడవునా నీళ్లు పోసుకుంటూ వెళ్లవలసి వచ్చింది. అంటే కారు ఎంత దూరం పోగలదన్నది ఇంధనం మీదే కాక నీటి మీద కూడా ఆధారపడేది.

ఈ పరిమితిని దాటించినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900లో తయారై, 1901లో పందేలలో పేరు తెచ్చుకున్న 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టు రేడియేటర్ అమర్చాడు. వేల సంఖ్యలో ఉన్న సన్నని గొట్టాల గుండా గాలి వీచేది, వాటి చుట్టూ నీరు పారేది. గాలి తగిలే వైశాల్యం పెరగడంతో తక్కువ నీటితోనే పని జరిగింది. ఫోర్డ్ మోడల్ టి కారు మొదటి కొన్ని నెలలు తప్ప పంపు లేకుండానే నడిచింది. వేడి నీరు పైకి లేస్తుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది అన్న సూత్రమే దానికి చాలింది. ఇంజన్ల శక్తి పెరిగేకొద్దీ పంపు, థర్మోస్టాట్, పీడనం నిలిపే మూత తప్పనిసరి అయ్యాయి. పీడనం చదరపు అంగుళానికి ఒక పౌండు పెరిగితే నీటి మరిగే స్థానం సుమారు 1.6 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది.

3. ఈ-టైప్ కారులోని సమస్య

1961 మార్చిలో జెనీవాలో ప్రదర్శించిన ఈ కారులో 3.8 లీటర్ల ఎక్స్‌కే ఇంజన్ ఉండేది. దాని బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాల మధ్య నీరు ఉంటే విద్యుత్ రసాయన చర్య వల్ల అల్యూమినియం తినుకుపోతుంది. అందుకే వట్టి నీరు కాక తుప్పును అడ్డుకునే కూలెంట్ పోయాలి. ఆ గుణం కాలక్రమేణా తగ్గిపోతుంది కాబట్టి దాన్ని నిర్ణీత గడువులో మార్చాలి.

ఇంజన్ పునర్నిర్మించేటప్పుడు బ్లాక్‌లోని నీటి దారులను శుభ్రం చేయడం మొదటి పని. దశాబ్దాలుగా పేరుకున్న తుప్పు, మడ్డి అక్కడ మిగిలితే కొత్త రేడియేటర్ పెట్టినా ఫలితం ఉండదు. రెండో విషయం థర్మోస్టాట్. ఈ కారు అసలు థర్మోస్టాట్‌కు ఒక తొడుగు ఉండేది. ఇంజన్ వేడెక్కగానే అది కదిలి బైపాస్ దారిని మూసేది. తొడుగు లేని ఆధునిక థర్మోస్టాట్ అదే చోట చక్కగా అమరుతుంది. కానీ బైపాస్ తెరిచే ఉండడంతో కొంత వేడి నీరు రేడియేటర్‌కు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. చూపుకు ఒకేలా ఉన్న భాగాలు ఒకే పని చేయవు. పాత ప్రతికి, నకలు ప్రతికి మధ్య ఒక్క అక్షరం మారితే అర్థం మారడం లాంటిదే ఇది.

4. ప్రామాణికత, వినియోగం

ట్రాఫిక్‌లో వేడెక్కకుండా కొందరు యజమానులు అల్యూమినియం రేడియేటర్, బలమైన ఎలక్ట్రిక్ ఫ్యాన్ అమర్చుతారు. ఇది ఆధారాన్ని చెరపడమా, కాపాడడమా? పాత భాగాలే ఉండాలని పట్టుబట్టి ఇంజన్‌ను వేడెక్కనిస్తే, హెడ్ వంగి అసలు ఇంజనే పోవచ్చు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ మార్పులను పూర్తిగా నిషేధించదు, వాటిని నమోదు చేయాలంటుంది. తీసేసిన భాగాన్ని పారేయక భద్రపరిచి, ఏ తేదీన ఎందుకు మార్చారో రాసి ఉంచితే ఆ మార్పు కూడా చరిత్రలో భాగమవుతుంది. రాయని మార్పు మాత్రం రేపటి పరిశోధకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

5. సారాంశం

కారు బాహ్యరూపం ఆనాటి అభిరుచిని చెబుతుంది. దాని నీటి దారులు ఆనాటి లోహాలు, ఇంధనం, రహదారుల గురించి చెబుతాయి. వాటిని సంరక్షించడమంటే ఆ సాక్ష్యాన్ని చదవగలిగే స్థితిలో ఉంచడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తేనెపట్టు రేడియేటర్ వల్ల కారు ప్రయాణంలో వచ్చిన మార్పును వివరించండి.
2. ఇనుప బ్లాక్, అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్‌కు వట్టి నీరు ఎందుకు పనికిరాదు?
3. మీ ఊళ్లో పాత ఆయిల్ ఇంజన్ ఉంటే దాన్ని ఎలా చల్లబరిచేవారో పెద్దలను అడిగి ఒక పేజీ రాయండి.