మాళవ రేగడిలో సోయావిత్తు

మాళవదేశపు నల్లరేగడి భూములు పూర్వము వానకాలమున చాలవఱకు బీడుగానే యుండెడివి. తొలకరి కురిసినది మొదలు ఆ నేల కాలు దిగబడు బురదయై నాగలికి లొంగకపోవుటచే, రైతు వానలు వెలిసిన పిదప మిగిలిన పదునులో గోధుమయో శనగయో చల్లుకొనెడివాడు. ఆ బీడునే సోయాచిక్కుడు ఆక్రమించినది.

అట్లని మధ్యభారతమునకు అది బొత్తిగా క్రొత్తది కాదు. కాలీతూరు అను నల్లగింజల నాటురకము అక్కడ మునుపే కలదు. గింజ చిన్నది, పంట ఆలస్యము, దిగుబడి స్వల్పము. అయినను మరుసటి తొలకరివఱకు దాని మొలకశక్తి నిలిచెడిది. 1960వ దశకమున జబల్పూరు, పంత్‌నగరు వ్యవసాయ విశ్వవిద్యాలయములు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో బ్రాగ్ మొదలగు పసుపుగింజల రకములను పరీక్షించెను. 1967లో అఖిలభారత సమన్విత పరిశోధన ప్రణాళిక ఏర్పడెను. దిగుబడి పెరిగెను, నూనెమిల్లులు వెలసెను. విత్తు మాత్రము సుకుమారమయ్యెను.

ఈ సౌకుమార్యమునకు హేతువు గింజలోనే యున్నది. మొలకవేరు పలుచని పొట్టు చాటుననే యుండుటచే నూర్పిడిలో గట్టి దెబ్బ తగిలిన అది విఱుగును. గింజలో ఇంచుమించు ఐదవవంతు నూనెయే యగుటచే వేసవి ఉక్కకు ఆ నూనె చెడి జీవకణముల పొరలు శిథిలమగును. దీనికి తోడు కరవు. భాద్రపదమున కాయ నిండువేళ వాన మొగము చాటుచేసినచో ఆకులు ముందుగనే పండి రాలి, గింజ ఊరవలసిన దినములు తఱిగిపోవును. అట్టి చేని గింజలను దోసిట పోసికొని చూచిన, కొన్ని తాలు, కొన్ని ముడుతలు పడినవి, మఱికొన్ని ఎండవేడికి పచ్చదనము విడువకయే గట్టిపడినవి. కరవుచేని విత్తనమేదియు మొలవదని కొందఱందురు గాని, ఆ మాట నిజము కాదు. జల్లెడపై నిలిచిన నిండుగింజ పెక్కుసారులు చక్కగనే మొలచును. మొలకల లెక్కను దిగలాగునవి ముఖ్యముగా ఆ పచ్చగింజలే.

వరికి నూటికి 80 మొలకలు విధించిన ప్రభుత్వ ప్రమాణము సోయాకు 70తోనే తృప్తిపడుట ఈ బలహీనతను ఒప్పుకొనుటయే. ఆదిలాబాదు, నిజామాబాదు రేగళ్లలోను నేడు ఇదే పంట. ఇంటి గింజనే విత్తనముగా చల్లదలచిన రైతు తొలకరికి ముందే 100 గింజలను తడిగోనెపట్టాలో చుట్టి, తడి ఆరనీయక, ఐదాఱు దినములకు మొలకలు లెక్కింపవలెను. డెబ్బదికి మిక్కిలి తగ్గినచో ఆ బస్తాను మిల్లుకు పంపుటయే మేలు.