ఇరుసు తిరిగిన లెక్క

విరిగిన రైలు ఇరుసు ముఖాన్ని మొదటిసారి చూసినవాడికి అది ఇనుమేనా అన్న అనుమానం వస్తుంది. అంచు నుంచి లోపలికి కొంత మేర నున్నగా, నల్లబడి, ఒకదాని వెనక ఒకటిగా వంపు గీతలతో ఉంటుంది. మిగిలిన భాగం గరుకుగా, పగలగొట్టిన పటికబెల్లంలా తళతళమంటూ కనిపిస్తుంది. ఒకే ఇరుసు, ఒకే పోత, రెండు రకాల ముఖాలు.

విజయవాడ దగ్గర ఒక వ్యాగన్ వర్క్‌షాపులో, వీల్ షాపులో నేను చేరిన కొత్తలో, అందరూ బాబాయ్ అని పిలిచే సీనియర్ ఫిట్టర్ ఇలాంటి ముక్కనొకదాన్ని నా ముందు పెట్టి, "గ్రెయిన్ మారిపోయిందిరా అబ్బాయ్. ఊగి ఊగి ఇనుములో నార పోయి పలుకు కట్టింది" అన్నాడు. నేను నమ్మాను. ఎదురుగా పలుకులు కనిపిస్తుంటే ఎందుకు నమ్మను? ఆ తర్వాత నేను అల్ట్రాసోనిక్ టెస్టింగ్‌కి మారి, ఇరుసుల పాత చరిత్ర వెతుక్కుని చదివినప్పుడు తెలిసింది, బాబాయ్ మాట 1840ల్లో ఇంగ్లండులో కొమ్ములు తిరిగిన ఇంజనీర్లు అన్న మాటేనని. ఆ నమ్మకం వదలడానికి లోకానికి సుమారు అరవై ఏళ్లు పట్టింది.

కథ 1842 మే 8న మొదలవుతుంది. ఆదివారం. వెర్సాయ్ తోటల్లో రాజు లూయీ ఫిలిప్ పేరిట ఉత్సవం, ఫౌంటెన్లు చూద్దామని పారిస్ జనం తరలివెళ్లారు. సాయంత్రం తిరుగుబండి కిక్కిరిసిపోయింది, రెండు ఇంజన్లు తగిలించారు. మ్యూడాన్ దగ్గర ముందు ఇంజను ఇరుసు విరిగింది. వెనకది దాని మీదికెక్కింది, ఆ పైకి కొయ్య పెట్టెలు ఎక్కాయి, ఇంజను పొయ్యిలోని నిప్పులు వాటికి అంటుకున్నాయి. నడిచే బండిలోంచి ఎవరూ దూకకుండా పెట్టెల తలుపులకు బయటినుంచి తాళం వేయడం అప్పటి ఫ్రాన్సులో ఆచారం. యాభై మందికి పైగా కాలిపోయారు. అంటార్కిటికా దాకా ఓడలు నడిపి తిరిగొచ్చిన నావికుడు డ్యూమాన్ దుర్విల్, భార్యాబిడ్డతో సహా, రాజధాని పొలిమేరలో ఇలా పోయాడు. తాళాల ఆచారం ఆ తర్వాత పోయింది. ఇరుసు ఎందుకు విరిగిందన్నది మాత్రం తేలలేదు. పెద్ద బరువేమీ కొత్తగా పడలేదు, పట్టాల మీద అడ్డమేమీ లేదు. నిన్నటిదాకా మోసిన బరువునే మోస్తూ విరిగింది.

మరుసటి ఏడాది విలియం రాంకిన్ అనే స్కాట్లండు కుర్రాడు లండన్‌లో సివిల్ ఇంజనీర్ల సంస్థకు ఒక వ్యాసం పంపాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు నిండలేదు. విరిగిన ఇరుసులను దగ్గర పెట్టుకుని చూసి రాశాడు. జర్నల్, అంటే బేరింగులో తిరిగే కొస, లావు భాగంతో కలిసే మెట్టు దగ్గరే పగులు పుడుతోందన్నాడు. సన్నటి పగులు చుట్టూ పాకి, నున్నగా, ఒకే తీరున లోపలికి దిగుతుంది. మధ్యలో మిగిలిన మంచి ఇనుము ఇక బరువు ఆపలేని రోజున ఇరుసు విరుగుతుంది. అందుకని ఆ మెట్టును నిటారుగా కోయకుండా వంపుగా జార్చమన్నాడు. ఈరోజు ఏ ఇరుసు డ్రాయింగు తీసినా ఆ వంపు ఉంటుంది. మేము దాన్ని ఫిల్లెట్ అంటాం. లేత్ మీద ఆ రేడియస్ సరిగ్గా రాకపోతే ఇన్‌స్పెక్టర్ ఊరుకోడు.

అంత చూసినవాడి మాట వెంటనే నిలవాలి కదా, నిలవలేదు. అందరి చూపూ ఆ మెరిసే పలుకుల మీదే నిలిచింది. కొత్త ఇనుము నారగా ఉంటుంది, నెలల తరబడి అదిరితే ఆ నార పలుకులుగా మారుతుంది, అప్పుడు ఇనుము పెళుసవుతుంది - ఇదీ వాదం. 1849లో, అప్పటికి పుట్టి రెండేళ్లయిన మెకానికల్ ఇంజనీర్ల సంస్థలో, వుల్వర్టన్ రైల్వే షెడ్ల పెద్ద మెకానెల్ ఇరుసుల మీద వ్యాసం చదివితే దీని మీద పెద్ద చర్చ జరిగింది. అధ్యక్ష స్థానంలో ఉన్న రాబర్ట్ స్టీఫెన్‌సన్ మాత్రం తొందరపడి ఒప్పుకోలేదు. అతని అనుమానమే సరైనది.

తప్పు ఎక్కడుందో ఇప్పుడు చెప్పడం తేలిక. ఇనుములో పలుకులు పుట్టినప్పటినుంచీ ఉన్నాయి. మెల్లగా లాగి తెంపితే అవి సాగి నారలా కనిపిస్తాయి. గాటు దగ్గర ఒక్క దెబ్బకి విరిగితే సాగే వ్యవధి లేక పలుకులుగానే బయటపడతాయి. ఆ గరుకు ముఖం చెప్పేది ఇరుసు చివరి క్షణం గురించి. దానికి ముందు నడిచిన ఏళ్ల సంగతి ఆ నున్నటి నల్ల పట్టీలో ఉంది. మెరుపు లేనిది కాబట్టి దాని వైపు పెద్దగా ఎవరూ చూడలేదు.

ఇక్కడ ఇరుసు చేసే పని గురించి కొంచెం చెప్పాలి. వ్యాగన్ బరువు ఇరుసు రెండు కొసల మీద, చక్రాలకు బయట పడుతుంది. చక్రాలు లోపలి వైపునుంచి ఎత్తి పడతాయి. అందుకని మధ్య భాగం పైకి వంగుతుంది. పై పొర సాగుతుంది, కింది పొర నొక్కుకుంటుంది. చక్రం అర చుట్టు తిరిగేసరికి పై పొర కిందికొచ్చి నొక్కుకుంటుంది, కిందిది పైకొచ్చి సాగుతుంది. అంటే బరువు కదలకపోయినా ఇనుముకు మాత్రం ప్రతి చుట్టుకీ సాగడం, నొక్కుకోవడం తప్పదు. బాక్స్ఎన్ రకం వ్యాగన్ కొత్త చక్రం వ్యాసం ఒక మీటరు. కిలోమీటరుకి సుమారు 318 చుట్లు. సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా విజయవాడ సుమారు 350 కిలోమీటర్లు, అంటే ఒక్క ప్రయాణంలో లక్షా పదివేల చుట్లు. తొమ్మిది ప్రయాణాలకు పది లక్షలు. ఇరుసుకు ఇరవై రెండు టన్నుల పైచిలుకు బరువుతో.

బరువును కాకుండా ఇలా మార్లను లెక్కపెట్టాలన్న ఆలోచన రైల్వేలకంటే ముందే గనుల్లో పుట్టింది. జర్మనీలో హార్జ్ కొండల్లో, క్లౌస్తాల్ వెండి గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1829 ప్రాంతంలో గని తోడే ఇనుప గొలుసులను మళ్లీ మళ్లీ వంచి, ఎన్ని మార్లకు తెగుతాయో చూశాడు. ఆ గొలుసుల బాధ పడలేకనే 1834లో తీగలు పేని ఇనుప తాడు చేశాడు. ఈరోజు లిఫ్టులోనూ క్రేనులోనూ ఉన్నది దాని వంశమే.

ఆ మార్ల లెక్కను చివరిదాకా తీసుకెళ్లినవాడు ఆగస్ట్ వోలర్. 1819లో పుట్టాడు, హానోవర్‌లో చదివాడు, బెర్లిన్‌లో బోర్సిగ్ ఇంజన్ల కర్మాగారంలో పని నేర్చాడు. బెర్లిన్‌నీ బ్రెస్లావునీ కలిపే రైల్వేలో ఇంజన్లు, పెట్టెల బాధ్యత చూసేవాడు. ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో - మనవాళ్లు విమానం మారే ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, ఓడర్ నది ఒడ్డున ఉన్న ఇంకో ఊరు. యూనివర్సిటీ ప్రొఫెసరు కాడు, షెడ్డు మనిషి. నాకు ఆయన మీద అభిమానం సగం అందుకే.

ముందు ఆయన కొలిచింది నిజంగా నడిచే బండిలో ఇరుసు ఎంత వంగుతోందో. ఇరుసుకు ఒక ముల్లు, దాని కింద జింకు రేకు అమర్చాడు. బండి నడుస్తుంటే ముల్లు రేకు మీద గీకుతుంది. దిగాక ఆ గీత పొడవు కొలిస్తే ప్రయాణం మొత్తంలో ఇరుసు ఎక్కువలో ఎక్కువ ఎంత వంగిందో తెలిసిపోతుంది. కరెంటు లేదు, స్ట్రెయిన్ గేజ్ లేదు. అంత చవకైన, అంత నమ్మకమైన పరికరం ఆ తర్వాత మళ్లీ వచ్చిందా అని నాకు అనుమానమే.

ఆ తర్వాత కట్టిన యంత్రం ఇంకా సూటిగా ఉంటుంది. మధ్యలో బేరింగుల మీద తిరిగే షాఫ్టు, దాని రెండు కొసల్లో బయటికి పొడుచుకొచ్చేలా బిగించిన రెండు నమూనా ఇరుసులు. ఒక్కో కొసను ఒక స్ప్రింగు ఎప్పుడూ ఒకే బలంతో లాగుతూ ఉంటుంది. పక్కన చుట్లు లెక్కపెట్టే ఏర్పాటు. తిప్పడం, విరిగేదాకా ఆగడం, అంకె రాసుకోవడం. కొన్ని నమూనాలు వేల చుట్లకే పోయాయి, కొన్ని కోట్ల చుట్లు తిరిగినా విరగలేదు. 1858 నుంచి 1870 దాకా ఫలితాలు వేస్తూ వచ్చాడు. ఆ చివరి నివేదిక వచ్చేనాటికి మన వాడి-సికింద్రాబాదు లైను ఇంకా పడలేదు; అది 1874లో తెరిచారు.

అంకెలు చెప్పింది ఇది. ఇరుసును విరిచేది గరిష్ఠ బరువు ఒక్కటే కాదు, సాగడానికీ నొక్కుకోవడానికీ మధ్య ఉన్న అంతరం. అంతరం తగ్గితే ఆయుష్షు పెరుగుతుంది, అది కూడా చాలా వేగంగా పెరుగుతుంది. ఒక మేర కిందికి తగ్గితే ఆయన ఎంత తిప్పినా ఇరుసు విరగలేదు. మెట్టు నిటారుగా ఉంటే ఆ మేర ఇంకా కిందికి జారుతుంది. వోలర్ వీటిని పట్టికలుగానే వదిలేశాడు. మేము డిప్లొమాలో ఆయన పేరుతో గీసిన వంపు గీత తర్వాతివాళ్లది. దాన్ని లాగరిథం కాగితం మీద గీస్తే తిన్నగా వస్తుందని 1910లో అమెరికాలో బాస్క్విన్ చూపించాడు.

వోలర్ పట్టికల్లో ఎక్కడా ఇనుము లోపల ఏం జరుగుతోందన్న వివరణ లేదు. ఆయనకు తెలియదు కూడా. పలుకుల వాదం అప్పటికీ బతికే ఉంది. అయినా ఆ పట్టికలను చూసి ఇరుసు ఎంత లావుండాలో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. కారణం తెలిశాకే పని చేయాలని పట్టుబట్టి ఉంటే అన్నేళ్లూ ఇరుసులు విరుగుతూనే ఉండేవి.

కారణం కనిపించింది 1903లో. కేంబ్రిడ్జిలో ఎవింగ్, హంఫ్రీ అనే ఇద్దరు స్వీడన్ ఇనుము ముక్కలను అద్దంలా పాలిష్ చేసి, వోలర్ తీరునే తిప్పుతూ, మధ్య మధ్య ఆపి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. కొన్ని పలుకుల మీద సన్నటి నల్ల గీతలు పుట్టాయి. పలుకులోని పొరలు ఒకదాని మీద ఒకటి జారిన జాడలవి. ఇంకొంచెం తిప్పితే గీతలు లావయ్యాయి. ఇంకా తిప్పితే వాటిలో ఒకటి పగులై పక్క పలుకులోకి పాకింది. పలుకులు మారలేదు, కొత్తగా పుట్టలేదు. అక్కడితో వాదం పుస్తకాల్లో ముగిసింది. వర్క్‌షాపుల్లో కాదు, బాబాయ్ సాక్షి.

మా వీల్ షాపులో మా పని అంతా పగులును విరిగేలోపే పట్టుకోవడం. పాతకాలం పద్ధతి సుత్తితో చక్రం కొట్టి మోత వినడం. పగిలిన చక్రం మోత తేడాగా ఉంటుంది నిజమే, కానీ ఇరుసు పగులు తరచుగా వీల్ సీటు కింద దాక్కుంటుంది. అక్కడ చక్రాన్ని పదుల టన్నుల బలంతో ప్రెస్ చేసి ఎక్కిస్తారు. ఆ బిగువులోనే సూక్ష్మంగా రాపిడి జరిగి పగులు మొలుస్తుంది. కంటికి కనపడదు, సుత్తికి చెప్పదు. అందుకే అల్ట్రాసోనిక్. ఇరుసు కొసన మూడు బోల్టు రంధ్రాలుంటాయి. వాటి మధ్య ఖాళీ ముఖాన్ని తుడిచి, ఆయిల్ రాసి, ప్రోబ్ ఆనిస్తాం. సెకనుకు 25 లక్షల సార్లు కంపించే ధ్వని ఇరుసు పొడవునా వెళ్లి అవతలి కొసకు తగిలి తిరిగొస్తుంది. తెర మీద ఆ చివరి గీత తన చోట నిలబడాలి, దానికి ముందు రాకూడని చోట ఇంకో గీత లేవకూడదు. లేస్తే ప్రోబ్ కోణం మార్చి మళ్లీ చూడాలి. మెట్టు దగ్గరా, వీల్ సీటు అంచు దగ్గరా మామూలుగానే చిన్న గీతలు వస్తాయి. ఏది మామూలుదో ఏది కాదో తేల్చడమే ఈ పనిలో అసలు కష్టం.

ఎంత తిప్పినా విరగని ఆ "మేర" కూడా వోలర్ అనుకున్నంత గట్టిది కాదని తేలింది. తుప్పు పట్టి గుంటలు పడ్డ ఉక్కుకు అలాంటి రక్షణ ఉండదు. 1980ల నుంచి జపాన్‌లో గట్టి ఉక్కులను కోటి చుట్లు దాటించి పరీక్షిస్తే, పై ముఖం బాగానే ఉన్నా లోపలి మలినపు రేణువు దగ్గర పగులు పుట్టి విరగడం కనిపించింది. ఇరుసుకు రంగు వేయించడం, దాని మీద వెల్డింగ్ నిప్పు పడనివ్వకపోవడం, బ్రేకు పుల్ రాడ్ రాసుకుని పడ్డ గాటును వదలకపోవడం - ఇవన్నీ అందుకే. ఆ గాటు దగ్గరే రోజూ గొడవ. ఇంత చిన్న గీతకి వీల్ సెట్ మొత్తం పక్కన పెట్టేస్తారా అని ప్రొడక్షన్ వాళ్లు వాదించేవారు. ఈ వ్యాగన్ నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోందో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం అనేవాణ్ణి. ఆ అంకె వాళ్ల దగ్గర ఉండేది కాదు; కంట్రోల్‌కి ఫోన్ చేసినా సాయంత్రానికి గానీ వచ్చేది కాదు. అప్పటికి ఆ వీల్ సెట్ మీద నేను చాక్‌పీసుతో గుర్తు పెట్టేసి ఉండేవాణ్ణి.