సూరత్ శేరీ నుంచి గోకుల్‌ధామ్ దాకా

2008 జూలై 28న సబ్ టీవీలో మొదలైన హిందీ హాస్య ధారావాహిక 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' 4,000 ఎపిసోడ్లు దాటి ఇంకా నడుస్తూనే ఉంది. దీన్ని టెలివిజన్ ఘనతగా చెప్పుకోవడం మామూలే. నాకు మాత్రం ఇది చాలావరకు గుజరాతీ వచనం ఘనత అనిపిస్తుంది. ఆ హాస్య వచనం పుట్టుపూర్వోత్తరాలు వెతికితే అహ్మదాబాద్, ముంబైలతో పాటు సూరత్‌లోనూ ఆగాల్సి ఉంటుంది.

సూరత్‌లో పుట్టిన నవల్‌రామ్ పండ్యా 1867లో 'భట్‌నుం భోపాళుం' అనే ప్రహసనం రాశారు. బలవంతాన వైద్యుడి వేషం కట్టాల్సి వచ్చిన ఒక మొగుడి మీద ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ అల్లిన కథ అది. దాన్ని ఆంగ్ల రచయిత ఫీల్డింగ్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ ఇంగ్లీషు నాటకం ఆధారంగా నవల్‌రామ్ కథను గుజరాతీ గడప లోపలికి తీసుకొచ్చి, ఈడూజోడూ లేని పెళ్లిళ్లను ఎండగట్టారు. మన 'కన్యాశుల్కం' రంగస్థలం ఎక్కడానికి పాతికేళ్ల ముందు సంగతి ఇది. కథ పరాయిదే అయినా అందులోని తిట్లు, ఎత్తిపొడుపులు, ఆలుమగల కీచులాటలు మాత్రం ఊరివే.

ఆ దారిలో అసలైన మలుపు 20వ శతాబ్దంలో వచ్చింది. సూరత్‌లోనే 1901లో పుట్టిన జ్యోతీంద్ర దవే, తనకంటే పెద్దవారైన ధన్‌సుఖ్‌లాల్ మెహతాతో కలిసి 1936లో 'అమే బధాం' అనే హాస్య నవల వెలువరించారు. ఇద్దరు రచయితలు కలిసి ఒక నవల రాయడమే అరుదు. అందులోనూ కథానాయకుడి సాహసాలను పక్కనబెట్టి ఒక ఊరి గృహస్థ జీవితాన్నే నవలకు విషయంగా చేయడం ఇంకా అరుదు. విపిన్ అనే పిల్లవాడు పెరుగుతుంటే అతని చుట్టూ సూరత్ కూడా పెరుగుతూ కనిపిస్తుంది. బంధువులు, పంతుళ్లు, పెళ్లి సందళ్లు, శేరీ అని పిలుచుకునే ఇరుకు వీధిలో ఒకరి ఇంటి మాట ఇంకొకరి చెవిన పడటం, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరినీ దుర్మార్గులుగా చూపించరు. లోపం లేనివాళ్లు కూడా ఒక్కరూ కనిపించరు. ఉల్టా చష్మా కథ నడిచే గోకుల్‌ధామ్‌ సొసైటీకి అసలు పునాది ఇక్కడ పడిందని నా నమ్మకం.

ఇక తారక్ మెహతా. 1929లో అహ్మదాబాద్‌లో పుట్టి, ఉద్యోగరీత్యా ముంబైలోని ఫిల్మ్స్ డివిజన్‌లో చాలాకాలం పనిచేశారు. 1971లో 'చిత్రలేఖ' వారపత్రికలో 'దునియా నే ఊంధా చష్మా' శీర్షిక ప్రారంభించి దశాబ్దాలపాటు రాశారు. కథ చెప్పేది రచయితే. ప్రధాన పాత్ర జెఠాలాల్‌కు పొరుగువాడిగా తన పేరుతోనే కథలోకి వచ్చి కూర్చుంటారు. ఈ ఏర్పాటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ ధారావాహిక ఆయుష్షంతా ఇందులోనే ఉంది. నవలలో నాయకుడు చివరికి మారాలి, లేకపోతే పాఠకుడు ఒప్పుకోడు. వారంవారం వచ్చే శీర్షికలో పొరుగువాడు మారకూడదు. పోయిన వారం ఏ పొరపాటు చేసి చీవాట్లు తిన్నాడో ఈ వారమూ అదే చేయాలి. మన మునిమాణిక్యం కాంతం కథల్లోనూ పాఠకుడు కాంతం మారాలని కోరుకోడు, కాంతం కాంతంగానే మళ్లీ కనిపించాలని కోరుకుంటాడు.

నిర్మాత అసిత్ కుమార్ మోదీ ఈ శీర్షికను తెరకు తెచ్చినప్పుడు గోరేగావ్‌లోని ఒక హౌసింగ్ సొసైటీని రంగస్థలం చేసుకున్నారు. ఆ సొసైటీ కార్యదర్శి భిడే మాస్టారు. ఆయన రోజూ బోర్డు మీద సుద్దముక్కతో సూక్తి రాస్తాడు. ఆయన భార్య మాధవి పచ్చళ్లు, అప్పడాలు చేసి అమ్ముతుంది. భిడే పాత స్కూటర్‌కు సఖారామ్ అని ఒక పేరు. సాయంత్రం మగవాళ్లంతా అబ్దుల్ కొట్టు దగ్గర సోడా తాగుతూ చేరతారు. ఎంత పెద్ద చిక్కు వచ్చినా చివరికి అందరూ కాంపౌండ్‌లో నిలబడి తేల్చుకోవాల్సిందే. నటులు కూడా ఆ నేలనుంచి వచ్చినవాళ్లే. జెఠాలాల్‌గా దిలీప్ జోషి, అతని భార్య దయగా దిశా వకానీ గుజరాతీ నాటకరంగంలో రాటుదేలినవారు. జెఠాలాల్ కొట్టులో పనిచేసే నట్టూ కాకాగా చేసిన ఘనశ్యామ్ నాయక్‌ది భవాయి కళాకారుల కుటుంబం. 14వ శతాబ్దపు అసాయిత్ ఠాకర్ పేరుతో ముడిపడిన ఆ జానపద నాటకం నుంచి సాయంత్రం టీవీ దాకా తెగని దారం ఒకటి ఉంది. సూరత్‌లో పార్సీ హాస్య నాటకాన్ని బతికించిన యజ్దీ కరంజియాకు 2020లో పద్మశ్రీ దక్కింది. ఆయనదీ ఆ దారమే.

ఈ మధ్యకాలపు ఎపిసోడ్లలో పస తగ్గిందన్నది దాచాల్సిన మాట కాదు. 2017లో దిశా వకానీ సెలవు మీద వెళ్లాక ఏళ్లతరబడి ఆ పాత్రకు మరొకరిని తీసుకోలేదు. దయ పుట్టింట్లో ఉందని చెబుతూ వచ్చారు. మన 'అమృతం' ఇందుకు పూర్తిగా భిన్నం. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నవంబర్ 18న జెమినీలో మొదలై, 2007లో 313 ఎపిసోడ్లతో ఆగింది. అమృతరావుగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ప్రేక్షకులు అలిగి వెళ్లిపోలేదు. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు కదలకుండా ఉన్నారు, ఇంటి యజమాని అప్పాజీ ఇల్లు అక్కడే ఉంది. ఆ ఇద్దరు స్నేహితుల వ్యాపార పథకం ఈ వారమూ బోల్తా పడుతుందన్న భరోసా ఉంది. ఒకటి ఆగకుండా నడిచి నిలిచింది, ఒకటి సరైన సమయంలో ఆగి నిలిచింది. రెండింటిలో అమృతంలోని వాక్యమే నాకు గట్టిగా కనిపిస్తుంది. వారానికి ఒకటి రాయడానికీ రోజుకొకటి రాయడానికీ ఉన్న తేడా అది.

గోకుల్‌ధామ్ 'తారక్ మామా అయ్యో రామా' పేరుతో తెలుగులోకి అనువాదమై ఈటీవీ ప్లస్‌కూ వచ్చింది. సూరత్‌లోని తెలుగువారికి ఆ అనువాదం అంత అవసరం కూడా కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పవర్‌లూమ్ పనికి వెళ్లి లింబాయత్ వైపు స్థిరపడిన పద్మశాలీల సంగతి ఇది. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపింది. మగ్గం దగ్గర, బజారులో హిందీ, గుజరాతీ ఎలాగూ వస్తాయి. గోకుల్‌ధామ్‌ను చిన్న భారతదేశంగా తీర్చిదిద్దాలనుకున్నవారు తమిళ అయ్యర్‌ను, బెంగాలీ బబితను, పంజాబీ సోధీని, మరాఠీ భిడేను తెచ్చిపెట్టారు. గుజరాత్ బట్టల మిల్లుల పక్కన తరాలుగా ఉంటున్న తెలుగు నేతకుటుంబానికి మాత్రం అక్కడ ఒక వాటా ఇవ్వలేదు. సూరత్‌ను ఎరిగినవాళ్లకు ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.