మంజీరాతీరమున భూమి వారసత్వము

పొలము గలవాఁడు గతించినపిమ్మట నా పొలమెవ్వరి దను ప్రశ్నకు సంగారెడ్డి ప్రాంతమున రెండు సమాధానములు చిరకాలమునుండి ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. ధర్మశాస్త్రమును న్యాయస్థానమును జెప్పునది యొకటి. అది పుట్టువునుబట్టి వచ్చు హక్కు. గ్రామలెక్కలు చెప్పునది వేఱొకటి. అది పట్టాలోని పేరునుబట్టి వచ్చు ననుభవము. ఈ రెండును గలసిన యింటఁ బంపకము సుఖముగా ముగియును. ఎడబడిన యింట నష్టపోవువారు తఱచుగా నాఁడుబిడ్డలును, విధవలును, పట్టాలోఁ బేరెక్కని తమ్ములును. ఈ యెడ మెట్లేర్పడెనో, యెంతవఱకుఁ బూడెనో తెలియుటకు వేయి సంవత్సరముల చరిత్రమును బరికింపవలసియున్నది.

హిందూకుటుంబముల దాయవిభాగమునకు దక్షిణాపథమునఁ బ్రమాణమైన మితాక్షర యీ ప్రాంతమునకుఁ బరాయిగ్రంథము గాదు. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యగా దానిని రచించిన విజ్ఞానేశ్వరుఁడు కల్యాణి చాళుక్యచక్రవర్తి యగు నాఱవ విక్రమాదిత్యుని (1076-1126) కాలమువాఁడు. కల్యాణి యనఁగా నేఁటి బసవకల్యాణము. అది సంగారెడ్డి జిల్లా పడమటి యెల్లకు మిక్కిలి దూరము గాదు. ఆ వంశమువాఁడే యగు జగదేకమల్ల జయసింహునకు నెలవీడైన పొట్టలకెఱె నేఁటి పటాన్‌చెరువే యని చరిత్రకారులు గుర్తించిరి. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన యీ ధర్మమును విజ్ఞానేశ్వరీయ మను పేరఁ దెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చెను. కావున దాయధర్మము సంస్కృతపండితులకే పరిమితమై యుండక, దేశభాషలోఁ జదువుకొన్నవారికిని నాఁడే యందుబాటులోనికి వచ్చినది.

మితాక్షర మతమునఁ గొడుకునకుఁ బితృధనమందు స్వత్వము పుట్టుకతోడనే కలుగును. తండ్రి గతించినపిమ్మటనే స్వత్వము కలుగునని జీమూతవాహనుని దాయభాగము; వంగదేశమున నది ప్రమాణమయ్యెను. మితాక్షర స్త్రీని బొత్తిగా విడిచె ననుట మాత్రము సరిగాదు. పాలు పంచుకొని వేఱుండి, పుత్రహీనుఁడై గతించినవాని ధనమునకు మొదట భార్యయుఁ, బిమ్మటఁ గుమార్తెలును వారసులను క్రమమును విజ్ఞానేశ్వరుఁడు సమర్థించెను. పెండ్లికాని తోఁబుట్టువులకు సోదరులీయవలసిన నాలవవంతు పెండ్లి వ్యయము మాత్రమే కాదనియుఁ, దండ్రి గతించినపిమ్మటఁ గుమార్తెలును భాగమునకు హక్కుదార్లే యనియు నతని సిద్ధాంతము. తరువాతి నిబంధనకారులలోఁ గొందఱును, లోకాచారమును నీ పాలును వివాహవ్యయముగాఁ గుదించిరి. అరణముగనో, పసుపుకుంకుమల పేరనో పుట్టినిల్లిచ్చినదే యాఁడుబిడ్డ పాలయ్యెను.

మితాక్షరలోనే మఱియొక చర్చ గమనింపఁదగినది. భూమి చేతులు మాఱునపుడు గ్రామమువారు, జ్ఞాతులు, పొరుగుపొలమువారు, దాయాదులు సమ్మతింపవలెనని ప్రాచీనవచన మొకటి కలదు. గ్రామానుమతి వ్యవహారము పదుగురకుఁ దెలియుటకనియుఁ, బొరుగువారి యనుమతి హద్దుతగవు పుట్టకుండుటకనియు, నవి లేనంతమాత్రమున వ్యవహారము చెడదనియు విజ్ఞానేశ్వరుఁడు వివరించెను. ఊరి యెఱుక హక్కునకు సాక్ష్యమే కాని హక్కునకు మూలము గాదని దీని భావము. తరువాతి కాలమున నీ సాక్ష్యము ఊరి నోటినుండి పట్వారీ లెక్కలోనికిఁ బోయెను. అప్పటినుండి సాక్ష్యమునే మూలముగా భావించు నలవాటు పెరిగినది.

నిజాము రాజ్యమున మొదటి సాలార్‌జంగు దివానుగా నుండఁగా 1865లో జిల్లాబందీ జరిగెను. గుత్తదారులు శిస్తు వసూలుచేసి సర్కారునకుఁ గట్టు పాతపద్ధతి పోయి, దివానీ గ్రామములలో రైతు నేరుగా సర్కారునకు జవాబుదారి యయ్యెను. పిమ్మట సర్వే బందోబస్తు నడచి పొలములకు నంబరులును, సేత్వారు, పహాణి మొదలగు లెక్కలును నేర్పడినవి. జాగీరు గ్రామములలో మాత్రము జాగీరుదారుల యాధిపత్యము 1949లో జాగీర్లు రద్దగువఱకు నిలిచెను.

ఫసలీ 1317 (1907-08) నాఁటి హైదరాబాదు మాలుగుజారీ చట్టము పట్టేదారునకుఁ జెప్పిన లక్షణము ముఖ్యమైనది. సర్కారునకు శిస్తు చెల్లించు బాధ్యత నేరుగాఁ దనపైఁ గలిగి, సర్కారు లెక్కలలోఁ బేరెక్కినవాఁడు పట్టేదారు. పొలము స్వయముగా నతని చేతనే యున్నను, శిక్మీదారు ద్వారా నున్నను నతఁడు పట్టేదారే. పట్టేదారుతోపాటు మొదటినుండి యనుభవమందున్నవానికిని శిక్మీదారని పేరు. అనఁగాఁ బట్టా ప్రధానముగా శిస్తుబాధ్యతకు గుర్తు. కుటుంబములోని హక్కులన్నిటికి నది పూర్ణచిత్రము గాదు. శిస్తునకు జవాబుదారి యొక్కఁడైనచో సర్కారునకు సుకరము గాన, నుమ్మడికుటుంబపు భూమి యింటిపెద్ద పేరనో పెద్దకొడుకు పేరనో యెక్కుట వాడుకయయ్యెను. పెద్ద బ్రదికియున్నంతకాల మిది సౌకర్యమే. రెండుతరములు గడచి విరాసత్తు చేయించు సమయము వచ్చినపుడు పట్టాలోని పేరు గలవాని సంతతివారు భూమియంతయుఁ దమదే యనుటయుఁ, దక్కినవా రుమ్మడిదని నిరూపింపవలసివచ్చుటయుఁ దటస్థించెను. పేరుమార్పు శిస్తువసూలు కొఱకే గాని, దానివలన స్వత్వము పుట్టదు, పోదు అని న్యాయస్థానములు పలుమాఱు నిర్ణయించినవి. కాని యా నిర్ణయము పొందుటకు వ్యాజ్యమాడవలెను. పట్టా యున్నవాఁడూరక కూర్చున్నను జాలును.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతయూనియనులోఁ గలసినపిమ్మట భూచట్టములు వడిగా వచ్చినవి. 1950 నాఁటి కౌలుచట్టము రక్షితకౌలుదారుల హక్కును వారసత్వముగా సంక్రమించునట్లు చేసెను. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణ భూవివాదములలో నేఁటికిని మొదట వెదకఁబడు పత్రము. 1956 హిందూవారసత్వచట్టము స్త్రీ పొందిన యాస్తిపై నామెకుఁ బూర్ణస్వామ్య మొసఁగెను. మితాక్షర కుటుంబమున గతించినవాని పాలిలోఁ గుమార్తెకు భాగము గల్పించెను. ఉమ్మడియాస్తిలో జన్మహక్కు మాత్రము కొడుకులకే మిగిలెను. 1975 జనవరి 1న నమలులోనికి వచ్చిన భూగరిష్ఠపరిమితి చట్టము కుటుంబమునకు మాగాణి 10 మొదలు 27 ఎకరములు, మెట్ట 35 మొదలు 54 ఎకరములు పరిమితిగా విధించెను. మేజరైన కొడుకులున్నచోఁ బరిమితి పెరుగుటకు నిబంధన గల్గెను. మేజరైన కుమార్తెల కది లేదు. భూమిపై వచ్చిన పెద్దచట్టమే కుమార్తెను సేద్యపుఁ గుటుంబములో వేఱు పాలికత్తెగా లెక్కింపలేదు.

ఈ భేదమును మొదటఁ దొలఁగింపఁబూనిన రాష్ట్రములలో నాంధ్రప్రదేశ మగ్రగణ్యము. 1986లో ముద్రితమై, 1985 సెప్టెంబరు 5 నుండి యమలైన సవరణ కుమార్తెకుఁ గొడుకుతో సమానముగా జన్మహక్కు నిచ్చెను. కాని యా తేదీకి ముందు పెండ్లియైనవారికిని, ముందే పంపకములైన యాస్తులకును నది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9న నమలైన కేంద్రసవరణ వివాహభేదమును దీసివైచెను. ఆ దినమునఁ దండ్రి జీవించియుండవలెనా యను సందేహము పదునైదేండ్లు న్యాయస్థానములను గలఁచి, 2020 ఆగస్టు 11న వినీతాశర్మ వ్యాజ్యములో సుప్రీముకోర్టు తీర్పుతో శమించెను. హక్కు పుట్టుకవలనఁ గలుగును గాన, తండ్రి జీవించియుండుట యావశ్యకము గాదని దాని సారము.

ఈ మార్పుల ఫలమొక లెక్కవలన స్పష్టమగును. ఒక తండ్రికి నుమ్మడిగాఁ దొమ్మిది యెకరములు. భార్య ముందే గతించినది. ఇద్దఱు కొడుకులు, ఒక కూఁతురు. 1956కు ముందు తండ్రి గతించినచోఁ గొడుకులకు నాలుగున్నర యెకరముల చొప్పునఁ జెందును, కూఁతునకు శూన్యము. 1956 చట్టప్రకారము మొదట తండ్రికిని గొడుకులకును మూఁడేసి యెకరములుగా భావించి, తండ్రి పాలును మువ్వురు పంచుకొందురు. కొడుకులకు నాలుగేసి, కూఁతున కొకటి. జన్మహక్కు వచ్చిన పిమ్మట మువ్వురకును మూఁడేసి యెకరములే. ఒక్క యెకరమునుండి మూఁడెకరములకు నడచిన నడక యిది.

ఈ నడక సంగారెడ్డి ప్రాంతమునఁ బొలము విలువ మాఱినకాలముతోఁ గలసివచ్చినది. రామచంద్రాపురమున 1960 తరువాతి దశకమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, పటాన్‌చెరువున 1972లో ఇక్రిశాట్, ఎద్దుమైలారమున 1984లో ఆయుధకర్మాగారము వెలసినవి. ఇటీవల జహీరాబాదు ప్రక్క ఝరాసంగము, న్యాల్‌కల్ మండలములలో 12,000 ఎకరములకు మించిన పారిశ్రామికమండలి తలపెట్టఁబడినది. మెట్టజొన్నలు పండిన చేను కర్మాగారపు వెలకు వచ్చునపుడు పాలు లేదన్నవాఁడును పాలడుగును. 1894 నాఁటి భూసేకరణచట్టము, దానికి మాఱుగా 2014 జనవరి 1 నుండి యమలైన చట్టము, పరిహారమందు హక్కు చెప్పుకొను వారినందఱను లెక్కింపవలెనని విధించినవి. పంపకమున వివాదమున్న నది తీర్పరి యెదుటికిఁ బోవలెను. కాని నోటీసు మొదట వెదకునది లెక్కలోని పేరునే. పేరులేని తోఁబుట్టువునకు వార్త చేరునప్పటికిఁ బరిహారము ఖర్చైయుండుట గలదు.

హక్కువిడుదల పత్రముపై సంతకము పెట్టుమని యాఁడుబిడ్డ నడుగుట యిప్పటి వాడుక. సంతకము పెట్టిన నామె పాలు పోవును. పెట్టకున్నఁ బుట్టినింటి రాకపోకలు పోవునను భయము. చట్టము మూఁడెకరములిచ్చినను, నామె తూఁచుకొనునది మూఁడెకరముల విలువను మాత్రమే కాదు. పండుగకుఁ బిలుపు, కష్టమునకుఁ దోడు, సోదరుని గుమ్మము గూడ నా త్రాసులోనే యుండును. 2005 సవరణ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకములను గాపాడెను. కాని యవి రిజిస్టరైన పత్రమునో న్యాయస్థానపు డిక్రీనో యనుసరించియుండవలెను. నోటిమాటపంపకమును విశేషసందర్భములలోఁ బ్రభుత్వపత్రముల బలమున్ననే యంగీకరింపవలెనని 2020 తీర్పు చెప్పెను. ఇచ్చట వ్రాత యాఁడుబిడ్డకు రక్షయైనది.

గ్రామలెక్కల రూపమును మాఱినది. వంశపారంపర్యముగా వచ్చిన పట్వారీ పదవులు 1984లో రద్దయ్యెను. 1971 నాఁటి పాసుపుస్తకముల చట్టమునకు బదులు 2020లో తెలంగాణము క్రొత్తచట్టము చేసి, యా సంవత్సరము అక్టోబరు 29న ధరణిని బ్రారంభించెను. విరాసత్తునకు వారసులందఱ యుమ్మడి యొడంబడిక కావలెనని యా చట్టము కోరెను. ఇది తోఁబుట్టువునకు బలమే. ఆమె లేనిదే పేరు మాఱదు. కాని వారసుల జాబితాలో నామె పేరే వ్రాయనిచో నొడంబడికకు నామె యవసర మెవ్వరికిఁ దెలియును? 2025 ఏప్రిలు 14న నమలులోనికి వచ్చిన భూభారతి చట్టము పేరుమార్పునకు ముందు విచారణను, దానిపై నప్పీళ్లను మరలఁ గల్పించినది.

స్వత్వము పుట్టుకవలనఁ గలుగు ననియు, నూరి యెఱుక దానికి సాక్ష్యమే యనియు విజ్ఞానేశ్వరుఁడు చెప్పిన రెండుమాటలలో మొదటిది కుమార్తెకుఁ బూర్తిగా వర్తించుటకు తొమ్మిది శతాబ్దములు పట్టెను. రెండవది నేఁటికిని విచారణాధికారి బల్లపైనే యున్నది. పాసుపుస్తకములోని పేరు నొక సాక్ష్యముగాఁ గొని, వారసులెందఱని యింటింట నడిగి తెలిసికొన్ననాఁడు మంజీరాతీరపుఁ బొలమున హక్కును లెక్కయు నొక్కటి యగును.