ఎండచెట్టు, నీడచెట్టు

నేను ఉద్యోగంలో చేరిన తొలి యేడు, ముదురు మామిడితోటలో చెట్ల సందున టేకు నాటుమని ఒక రైతుకు చెప్పాను. మూడేండ్లలో ఆ మొక్కలు పుల్లల్లాగా నిలిచి, ఒకటొకటే ఎండిపోయాయి. నీళ్లకు కొదవ లేదు, ఎరువుకు కొదవ లేదు. కొదవైనది ఎండ. ఈ పాఠం బర్మా అడవులు ఎన్నడో చెప్పినవే. నేనే ఆలస్యంగా చదివాను.

1856లో పెగూ అడవుల అధికారిగా బ్రాండిస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వచ్చాడు. ఓడలకోసం పెద్ద టేకులు నరుకుతున్నారు గాని, వాటి స్థానంలో పిల్లచెట్లు లేవడం లేదు. గింజ రాలకనా? కాదు. పైన వెదురు కమ్ముకొని యున్నది. వెదురు పూచి, పొదలన్నీ ఒక్కమారు చచ్చిన చోట మాత్రం టేకు మొలకలు లేచేవి.

ఆ కొండల్లో కరెన్ సేద్యగాండ్రు మన ఏజెన్సీ పోడు వలెనే వెదురు నరికి, కాల్చి, వరి చల్లేవారు. దానికి తౌంగ్యా అని పేరు. బ్రాండిస్ ఆ వరిలోనే టేకు వేయించాడు. వరికి తీసిన కలుపు టేకుకూ తీసినట్లే. నెత్తిన నీడ లేదు గనుక మొక్క నిటారుగా ఎదిగింది. బతికిన మొక్కల లెక్కన కూలి ముట్టేది. అయితే ఒక మాట దాచరాదు. చెమట కరెన్ రైతుది, చెట్టు సర్కారుది. టేకు ఎదిగిన నేల తిరిగి అతని సేద్యానికి దక్కలేదు.

ఇంతకూ కిటుకేమిటి? ఆకు ఎండతో అన్నం వండుకొంటుంది. టేకు, సరుగుడు వంటి ఎండచెట్లకు ఖర్చెక్కువ. నీడలో ఆ రాబడి చాలదు. నేరేడు, పనస పసితనంలో కొంత నీడను ఓర్చుకొంటాయి. వేప కూడా చిన్ననాడు ఓర్చినా, పెద్దదైతే వెలుగే కోరుతుంది. అరకులో కాఫీపై నీడపట్టే సిల్వర్ ఓక్ చెట్టు తాను మాత్రం ఎండనే కోరుతుంది. ఎండ కోరేది పైన, నీడ ఓర్చేది కింద. అదే పొత్తు.

కనుక నాటబోయే ముందు మిట్టమధ్యాహ్నం ఆ చోట నిలబడండి. మీ తలపై నీడ పడితే అక్కడ టేకు వద్దు. పసుపో, అల్లమో వేయండి. ఆ రైతుకు మళ్లీ టేకు మొక్కలు తెచ్చియిచ్చి, ఎండ తగిలే గట్టున నేనే దగ్గరుండి నాటించాను. నా తప్పు మీ పొలంలో జరగకూడదనే ఈ మాటలు.