సముద్రగర్భమున హెర్మెస్ నౌక

శ్రీలంక తూర్పుతీరమునందలి బట్టికలోవా పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున, సుమారు 50 మీటర్ల లోతున, ఒక యుద్ధనౌక ఎడమ ప్రక్కకు ఒరిగి పడియున్నది. అది బ్రిటిషు నౌకాదళమునకు చెందిన హెర్మెస్. 1942వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన మునిగిన ఆ నౌకను నేడు గాలి సిలిండరులను వీపున ధరించి దిగు స్కూబా ఈతగాండ్రు చూచి వచ్చుచున్నారు. చరిత్రగ్రంథములలో నాలుగు పంక్తులతో ముగియు ఆ ఉదయము అచ్చట ఇంకను ఇనుపరూపమున నిలిచియున్నది.

విమానములను మోయుటకే తొలినుండి ఉద్దేశించి నిర్మింపబూనిన నౌకలలో హెర్మెస్ మొదటిది. అంతకు ముందటివి ఇతర నౌకలను మార్చి చేసినవి. 1918లో దాని నిర్మాణము ఆరంభమైనను 1924 వరకు అది సేవలో చేరలేదు. ఈలోగా, తరువాత మొదలుపెట్టిన జపాను 1922లోనే తన హోషో నౌకను సిద్ధము చేసికొన్నది. ఇరువది ఏండ్లకు జపాను ఆ విద్యయందు ఆరితేరినది. హెర్మెస్ అంతము ఆ దేశపు విమానవాహకనౌకల వలననే సంభవించినది.

1942 ఫిబ్రవరిలో సింగపూరు పతనమైన పిమ్మట జపాను నౌకాదళము హిందూమహాసముద్రమున ప్రవేశించినది. ఏప్రిల్ 5న కొలంబోపై బాంబులు పడినవి. 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడ రేవులపై పడినవి. ఆంధ్రతీరము ఆ మహాయుద్ధమును తన గుమ్మమున చూచిన దినమది. మూడు దినముల తరువాత త్రింకోమలి వంతు వచ్చినది. దాడి రానున్నదని ఎరిగి హెర్మెస్ ముందటి రాత్రియే ఆ రేవును విడిచి దక్షిణముగా పోయినది. దాని విమానములు మాత్రము తీరముననే ఉండిపోయినవి. ఒక్క విమానమైనను లేని ఆ విమానవాహకనౌకను శత్రువు కనుగొన్నాడు. బాంబులు పడనారంభించిన అరగంటలోపలనే అది మునిగినది. కెప్టెన్ ఆన్‌స్లోతో కూడ 307 మంది మరణించిరి. తోడునున్న వాంపైర్ అను ఆస్ట్రేలియా నౌకయు ఆనాడే మునిగినది. సమీపమున పోవుచున్న వీటా అను వైద్యనౌక దాదాపు ఆరువందలమందిని నీటినుండి ఎత్తుకొన్నది. ఒక విమానవాహకనౌకను మరియొకదాని నుండి ఎగిరివచ్చిన విమానములు ముంచుట చరిత్రలో అదియే మొదలు.

నేటి స్కూబా పరికరము అప్పటికింకను లేదు. ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అనువారు 1943లో దానిని రూపొందించిరి. చుట్టునున్న నీటి ఒత్తిడికి సరిపోవునట్లు అది ఈతగానికి గాలినందించును. 50 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలమున కంటె ఆరురెట్లు. సిలిండరులోని గాలియు ఆరురెట్ల వేగముతో తరుగును. గాలియందలి నత్రజని మత్తువలె బుద్ధిని కమ్మును, రక్తమునందు కరగును. తొందరపడి పైకి వచ్చినచో అది బుడగలై ప్రాణము మీదికి తెచ్చును. కావున ఈతగాడు మెట్టుమెట్టుగా ఆగుచు రావలెను. సామాన్యముగా వినోదార్థము దిగువారికి 40 మీటర్లే హద్దు. హెర్మెస్ చెంతకు శిక్షితులే పోగలరు; వారికిని అచ్చట లభించునవి కొలది నిమిషములే. ఆ కొలది నిమిషములలో వారు ఫిరంగులను, వాటిపై పెరిగిన పగడములను, ఓడ గదులే ఇండ్లుగా చేసికొన్న చేపలను చూతురు. 307 మందిలో అనేకులకు ఆ నౌకయే సమాధి.

ఈ సమాధికి కావలి ఎవరు? మునిగిన యుద్ధనౌక తన దేశపు సొత్తుగనే ఉండునను సూత్రము కలదు గాని, 50 మీటర్ల లోతున కాపలా లేదు. యునెస్కో 2001లో ఆమోదించిన ఒప్పందము కనీసము నూరేండ్లు నీట మునిగియున్నవానినే సాంస్కృతిక సంపదగా గణించును. హెర్మెస్‌కు నూరేండ్లు నిండునది 2042లో. ఈలోగా ఏమి జరుగగలదో జావా సముద్రము చూపినది. అచ్చట 1942లోనే మునిగిన డచ్చి నౌకలు డి రైటర్, జావా అనువానిని 2002లో ఈతగాండ్రు కనుగొనిరి. 2016లో మరల వెదకగా నౌకలు లేవు. అడుగున వాని గుంటలు మాత్రమే మిగిలినవి. ఇనుము కొఱకు దొంగలు వానిని పెకలించుకొని పోయిరి. నావికుల అస్థికలకేమి గతి పట్టినదో చెప్పువారు లేరు.

హెర్మెస్ ఇంకను అచ్చటనే ఉన్నది. దానికి దగ్గరగా పోగలిగినవారు స్కూబా ఈతగాండ్రే గనుక, దాని రక్షయు ముందుగా వారి నియమముపైననే ఆధారపడియున్నది. చూడవలెను, తాకరాదు, ఏమియు తేరాదు. పైకి తెచ్చిన తునక ఒక ఇంటి అలంకారమగును. అడుగుననే ఉండనిచ్చినచో అది ఆ ఏప్రిల్ ఉదయమునకు సాక్ష్యముగా నిలుచును.