కిక్కు రాడ్డు ఏదీ?

మొన్న దసరాకి గోదావరిఖని పోయినప్పుడు రేకుల షెడ్డులోంచి బాపు యెజ్డీ బయటికి తీశాను. పన్నెండేళ్ళుగా కదల్లేదు. ట్యాంకు నిండా తుప్పు, కార్బ్యురేటర్లో పెట్రోలు ఎండి జిగురు.

కొంచెం చరిత్ర చెప్పాలి. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చెక్ లైసెన్సుతో 1961లో జావా బళ్ళు మొదలుపెట్టింది. 1973 నుంచి వాటి పేరు యెజ్డీ. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, ఒక్క సిలిండరుకి రెండు సైలెన్సర్లు! 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2022లో ఆ పేరుతో మళ్ళీ బళ్ళొచ్చాయి, కానీ ఫోర్ స్ట్రోక్. పేరు బతికింది, చప్పుడు పోయిందన్నమాట.

ట్యాంకు కడిగి, కార్బ్యురేటర్ శుభ్రం చేసి, ప్లగ్గు మార్చి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోశా. అంతా అయ్యాక చూస్తే కిక్కు రాడ్డు ఎక్కడుందో దొరకలేదు! ఇంజనీరింగ్ చదివిన మొహం మరి. బాపు నవ్వాడు. "గేరు రాడ్డే కిక్కు రాడ్డు బిడ్డా. లోపటికి ఒత్తి పైకి తిప్పు."

తొమ్మిదో కిక్కుకి స్టార్టయింది. వాకిలంతా పొగ.

వంటింట్లోంచి అమ్మ గబగబా వచ్చింది. బాపు సింగరేణిలో సెకండ్ షిఫ్టు చేసే రోజుల్లో, అర్ధరాత్రి సందు మలుపులో ఈ చప్పుడు వినపడితేనే గని నుంచి క్షేమంగా వచ్చాడని కంచం పెట్టేదట.

కొత్త బండిలో లేనిది అదే.